పారామెడిక్ పట్టవిద్య : నాలుగేండ్ల చదువు, నాలుగు నిమిషముల పరీక్ష

వానకాలపు రాత్రి. ఒక పల్లెలో వ్యవసాయ కూలీ యొకడు నేలపై చాప పరచుకొని నిద్రించెను. తెల్లవారుజామున కడుపునొప్పితో మేల్కొనెను. ఒంటిపై గాయమేదియు కానరాలేదు. ఇంటివారు అజీర్ణమని తలచి వాము నీరు త్రాగించిరి. కొంతసేపటికి అతని కనురెప్పలు వాలిపోయెను, మాట ముద్దగా వచ్చెను, మ్రింగుట కష్టమయ్యెను. అప్పుడు వారు భయపడి 108 సంఖ్యకు ఫోను చేసిరి.

అంబులెన్సులో వచ్చిన వ్యక్తి ఆ వాలిన కనురెప్పలను చూచిన వెంటనే కట్లపాము కాటును అనుమానించవలెను. ఏలయన కట్లపాము తరచుగా రాత్రివేళ, నేలపై నిద్రించువారిని కరచును. ఆ కాటు వలన నొప్పియు వాపును స్వల్పము. కొన్ని సమయములందు కోరల గుర్తు కూడ కానరాదు. దాని విషము నరముల నుండి కండరములకు పోవు ఆజ్ఞలను అడ్డగించును. మొదట కనురెప్పలు, పిదప గొంతు, తుదకు శ్వాస కండరములు చచ్చుబడును. అట్టి స్థితిలో రోగి గుండె కొట్టుకొనుచునే యుండును, స్పృహయు ఉండవచ్చును, ఊపిరి మాత్రము ఆడదు. ఆస్పత్రి ముప్పది కిలోమీటర్ల దూరమున ఉన్నదనుకొనుడు. చేతితో నొక్కు గాలిసంచి ద్వారా ఆ దారిపొడవునను ఊపిరి అందించగల వ్యక్తి వాహనములో నున్నచో, విషమునకు విరుగుడు సూదిమందు దొరకు చోటికి రోగి ప్రాణముతో చేరును. అట్టి వ్యక్తి లేనిచో వాహనము ఎంత వేగముగా పోయినను ప్రయోజనము లేదు.

వాహనము అదే, దారి అదే, రోగియు అతడే. భేదమంతయు వాహనములోని మనిషి నేర్చిన విద్యలో నున్నది. ఆ విద్యను విశ్వవిద్యాలయమున అభ్యసించి పట్టము పొందు విధమును ఈ పాఠము వివరించును.

పేరులోని చిక్కు

మన దేశమున “పారామెడికల్” అను మాటను విశాలమైన అర్థమున వాడుచున్నారు. రక్తపరీక్షలు చేయువారు, ఎక్స్-రే తీయువారు, శస్త్రచికిత్స గదిలో సహాయపడువారు, డయాలిసిస్ యంత్రమును నడపువారు అందరును ఆ పేరుతోనే పిలువబడుచున్నారు. “పారామెడిక్” అను మాటకు గల అర్థము ఇంతకంటె పరిమితమైనది. ప్రమాదస్థలమునకు గాని రోగి యింటికి గాని పోయి, అక్కడనే చికిత్స నారంభించి, ఆస్పత్రి చేరువరకు రోగి ప్రాణమును కాపాడు నిపుణుడే పారామెడిక్. మన విశ్వవిద్యాలయములలో ఈ విద్య సాధారణముగా అత్యవసర వైద్య సాంకేతిక శాస్త్రమున బి.ఎస్సీ. పట్టము అను పేరుతో నున్నది. కళాశాలలో చేరగోరు విద్యార్థి ఈ భేదమును ముందుగానే గ్రహింపవలెను. లేనిచో అంబులెన్సులో పనిచేయవలెనను కోరికతో చేరినవాడు ప్రయోగశాలకు సంబంధించిన చదువులో చిక్కుకొని చింతించును.

వృత్తి ఏర్పడిన విధము

గాయపడినవారిని తరలించుటకు బండ్లను వాడుట పాత పద్ధతియే. 18వ శతాబ్దాంతమున ఫ్రెంచి సేనలలోని శస్త్రవైద్యుడు లారే, యుద్ధము జరుగుచుండగనే క్షతగాత్రులను చేర్చుటకు తేలికపాటి గుర్రపుబండ్లను ఏర్పరచెను. కాని చాలకాలము అంబులెన్సు తరలించు సాధనముగనే మిగిలిపోయెను. చికిత్స ఆస్పత్రి ద్వారమునొద్ద మొదలగునని అందరును భావించిరి.

1960లో ఈ భావము మారుటకు పునాది పడెను. అమెరికాలోని బాల్టిమోర్ నగరమున కోవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు, ఛాతీని చేతులతో లయబద్ధముగా నొక్కుటచే, ఆగిన గుండె గల శరీరమందు రక్తప్రసారము కొంతసేపు నిలుపవచ్చునని ప్రకటించిరి. 1966లో ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరమున హృద్రోగ వైద్యుడు పాంట్రిడ్జ్, గుండెకు విద్యుత్తాకిడి ఇచ్చు యంత్రమును వాహనములో నుంచి రోగులున్న చోటికే పంపెను. 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున ఫ్రీడమ్ హౌస్ అను అంబులెన్సు సేవ ఏర్పడెను. ఉద్యోగావకాశములు లేని నల్లజాతి యువజనులకు వైద్యుడు పీటర్ సాఫార్ అందు సుమారు 300 గంటల శిక్షణ నిచ్చెను. చదువుకు నోచుకొనరని లోకము తలచినవారు, వీధిలోనే రోగికి శ్వాసనాళమున గొట్టము అమర్చగల నిపుణులైరి. ఆ సేవకు తరువాత వైద్య నిర్దేశకురాలైన నాన్సీ కారొలైన్ 1979లో పారామెడిక్కుల కొరకు పాఠ్యగ్రంథమును ప్రచురించెను.

మన దేశమున 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ఆరంభమై, క్రమముగా అనేక రాష్ట్రములకు వ్యాపించెను. 2016లో భారత ప్రభుత్వ సహాయముతో శ్రీలంకయందు 1990 అను సంఖ్యతో ఇట్టి సేవ మొదలైనప్పుడు, దాని తొలి సిబ్బంది హైదరాబాదులోనే శిక్షణ పొందిరి. 2021లో పార్లమెంటు అనుబంధ, ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టమును చేసెను. ఈ చట్టపు పట్టికలో పారామెడిక్ వృత్తి చేర్చబడినది. ఆరోగ్య వృత్తి నిపుణునిగా గుర్తింపు పొందుటకు కనీసము 3,600 గంటల పట్టవిద్య ఉండవలెనని అది నిర్దేశించుచున్నది. అదే 2021 సెప్టెంబరు నుండి బ్రిటను దేశమును కొత్తగా పారామెడిక్ కాగోరువారికి ఆనర్సు పట్టమును కనీస విద్యగా నిర్ణయించినది. 300 గంటలతో ఆరంభమైన శిక్షణ ఇంత విస్తృతమైన విద్యగా పెరుగుటకు కారణమేమి? ఆ కారణము పాఠ్యవిషయములను పరిశీలించినచో తెలియును.

నాలుగేండ్ల చదువు

ఇంటర్మీడియట్ పరీక్షయందు భౌతిక, రసాయన, జీవశాస్త్రములతో ఉత్తీర్ణులైనవారు సాధారణముగా ఈ చదువునకు అర్హులు. మన విశ్వవిద్యాలయములలో పెక్కింట మూడేండ్ల చదువును, తరువాత ఒక సంవత్సరము ఆస్పత్రిలోను అంబులెన్సులోను పని నేర్చుకొను కాలమును కలవు. విశ్వవిద్యాలయమును బట్టి కొంత భేదముండును.

మొదటి సంవత్సరమున శరీర నిర్మాణము, శరీర ధర్మములు, జీవరసాయనము, సూక్ష్మజీవులు, రోగలక్షణ శాస్త్రము మున్నగునవి బోధింపబడును. రెండవ సంవత్సరమున మందుల గుణములు, ఇ.సి.జి. చదువుట, శ్వాసమార్గ రక్షణ, గాయముల చికిత్స, గుండె, ఊపిరితిత్తులు, మెదడునకు సంబంధించిన అత్యవసర స్థితులు వచ్చును. పిదప ప్రసూతి, శిశువుల అత్యవసర స్థితులు, విషప్రయోగములు, పాముకాటు, కాలిన గాయములు, పెను ప్రమాదములందు రోగుల వర్గీకరణ, వైద్య నీతి, చట్టము అభ్యసింపవలెను.

మొదటి సంవత్సరపు పాఠములు కొందరికి నిరర్థకముగా తోచును. “ప్రమాదములో రక్తము కారుచున్నవానికి కట్టు కట్టుటకు జీవరసాయనమెందుకు?” అని వారడుగుదురు. దీనికి సమాధానము క్రింది ఉదాహరణములలో కలదు.

చదివినది అక్కరకు వచ్చు తీరు

బస్‌స్టాండు మెట్లపై ఒకడు తూలి పడెను. చెమటలు పట్టియున్నవి. మాటలు పొంతన లేక యున్నవి. చుట్టునున్నవారు త్రాగి పడినాడని నిశ్చయించిరి. కాని మెదడు ముఖ్యముగా రక్తములోని చక్కెరపై ఆధారపడి పనిచేయును. చక్కెర తగ్గినప్పుడు మనిషి త్రాగినవానివలెనే ప్రవర్తించును. ఈ సంగతి తెలిసిన పారామెడిక్ జనుల మాట నమ్మక, వేలికొన నుండి ఒక చుక్క రక్తము తీసి పరీక్షించును. 100 మిల్లీలీటర్ల రక్తమున చక్కెర 70 మిల్లీగ్రాముల కంటె తగ్గియున్నచో చికిత్స అవసరము. రోగికి స్పృహయుండి మ్రింగగలిగినచో తీపి పానీయము చాలును. స్పృహ లేనివాని నోట ఏమియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. అట్టివానికి సిర ద్వారా గ్లూకోజు ఎక్కించవలెను. మధుమేహమునకు మందు వాడుచు ఆ పూట భోజనము మానిన మనిషి కొలది నిమిషములలో కన్నులు తెరచి తన యింటి చిరునామా చెప్పును. జీవరసాయన పాఠము అతని ప్రాణమును, మర్యాదను కూడ నిలిపినది.

మరియొక యింట ఒక పెద్దకు కుడిచేయి, కుడికాలు ఒక్కసారిగా పడిపోయి, మూతి వంకరపోయినది. గుండెపోటు అనుమానమున్న రోగికి, అభ్యంతరములేవియు లేనిచో, సుమారు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమలించుట మేలు. అదే మాత్రను పక్షవాత రోగికి దారిలో ఈయరాదు. మెదడులోని రక్తనాళము మూసికొనిపోయినదా, లేక చిట్లినదా అను విషయము స్కానింగు తీయనిదే తెలియదు. చిట్లినచో ఆ మాత్ర హాని చేయును. ఇక్కడ పారామెడిక్ చేయవలసిన ముఖ్యకార్యము మందు ఇచ్చుట కాదు. చక్కెర తగ్గుట వలన ఇట్లయినదేమో పరీక్షించి, “ఈయన చివరిసారి ఎన్ని గంటలకు బాగుగా నుండిరి?” అని ఇంటివారిని అడిగి, ఆ సమయమును వ్రాసికొనవలెను. గడ్డను కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటల లోపుననే ఈయవలసియుండును. కనుక స్కానింగు సౌకర్యము గల ఆస్పత్రికే ముందుగా తెలియజేసి తీసికొనిపోవలెను. ఆ సౌకర్యము లేని దగ్గరి ఆస్పత్రికి పోయి, అక్కడినుండి మరల బయలుదేరినచో కాలము చేజారును. ఏ ఆస్పత్రికి పోవలెనో నిర్ణయించుటయు చికిత్సలో భాగమే.

ఇంకొకచోట గర్భిణి దారిలోనే ప్రసవించెను. పారామెడిక్ ముందు ఇప్పుడు ఇద్దరు రోగులు. బిడ్డను పొడిగుడ్డతో తుడిచి, తల్లి రొమ్ముపై వెచ్చగా నుంచవలెను. బిడ్డ ఊపిరి తీయనిచో మొదటి నిమిషములోనే గాలిసంచితో ఊపిరి అందింపవలెను. తల్లికి గర్భాశయము ముడుచుకొనుటకు నిర్దేశింపబడిన ఆక్సిటోసిన్ సూదిమందు నిచ్చి, రక్తస్రావమును కనిపెట్టి చూడవలెను. ప్రసవానంతర రక్తస్రావము ఆరోగ్యవతియైన స్త్రీని సైతము స్వల్పకాలములో బలిగొనగలదు.

ఈ మూడు సందర్భములందును పారామెడిక్ ప్రక్కన వైద్యుడు లేడు, గ్రంథము తెరచు వ్యవధి లేదు. నాలుగేండ్లు చదివినది నాలుగు నిమిషములలో జ్ఞప్తికి రావలెను. 300 గంటల శిక్షణ చేతికి పని నేర్పును. ఆ పని ఎప్పుడు చేయవలెనో, ఎప్పుడు మానవలెనో నిర్ణయించు వివేకమునకు దీర్ఘమైన విద్య కావలెను.

రోగి భాష, గ్రంథ భాష

తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన విద్యార్థికి మొదటి ఆటంకము ఆంగ్ల పాఠ్యగ్రంథము. కొందరు అర్థము తెలియకయే వాక్యములను వల్లించి పరీక్ష గట్టెక్కుదురు. వీధిలో ఆ వాక్యములు అక్కరకు రావు. నోటుపుస్తకమున పేజీని రెండుగా మడచి, ఒకవైపు శాస్త్రపదమును, రెండవవైపు దానిని రోగులు చెప్పు మాటను వ్రాసికొనుట మంచి పద్ధతి.

ఏలయన రోగి శాస్త్రపదములతో మాటలాడడు. “గుండెల్లో మంటగా ఉంది” అనును. అది పులితేన్పు కావచ్చును, గుండెపోటును కావచ్చును. “కళ్లు బైర్లు కమ్మాయి” అనును. అది ఆకలి కావచ్చును, లోపలి రక్తస్రావమును కావచ్చును. వృద్ధులకు, మధుమేహ రోగులకు, స్త్రీలకు గుండెపోటు వచ్చినప్పుడు ఛాతీనొప్పి లేకయే పోవచ్చును. ఒక పెద్దావిడ “ఏమీ లేదు నాయనా, కాస్త ఆయాసం, నీరసం, అంతే” అని చెప్పి, పిల్లలకు శ్రమ కలిగించినందుకు నొచ్చుకొనును. ఆ “అంతే” అను మాటను విని ఊరకొనక ఇ.సి.జి. తీయువాడే చదువుకొన్నవాడు. తెలుగు తెలిసిన విద్యార్థికి ఇది లోపము కాదు, బలము. రోగి మాటను వైద్యునికి, వైద్యుని మాటను రోగికి అందించు వంతెన అతడే.

చేతుల సాధన

గుండె ఆగినప్పుడు ఛాతీ మధ్యను నిమిషమునకు 100 నుండి 120 సార్లు, పెద్దలలో 5 నుండి 6 సెంటీమీటర్ల లోతున నొక్కవలెను. ప్రతి నొక్కు తరువాత ఛాతీ పూర్తిగా పైకి లేవనీయవలెను. 30 నొక్కులకు రెండు ఊపిరులు. ఇది వ్రాసి చూపుట సులభము. రెండు నిమిషములు చేసినంతనే చేతులు బరువెక్కి, నొక్కుల లోతు తగ్గుట సహజము. అందువలననే రెండేసి నిమిషములకు మనుష్యులు మారవలెనని నియమము. బొమ్మపై వందలసార్లు చేసిన విద్యార్థికి తన అలసట ఎప్పుడు మొదలగునో తెలియును. ఒక్కసారి చేసి సంతకము పెట్టించుకొన్నవానికి తెలియదు. హాజరు పట్టీలోని గంటలు విశ్వవిద్యాలయమునకు చాలును, రోగికి చాలవు.

హద్దుల నెరుగుట

పారామెడిక్ వైద్యుడు కాడు. అతడు నిర్ణీత చికిత్సా నియమములకు లోబడి, ఫోనులో వైద్యుని సలహా పొందుచు పనిచేయును. సందేహము కలిగినప్పుడు అడుగుట అవమానము కాదు. ఆస్పత్రిలో రోగిని అప్పగించునపుడు ఏమి జరిగినది, తాను ఏమి చూచినది, ఏమి చేసినది, ఎన్ని గంటలకు చేసినది అను నాలుగింటిని క్లుప్తముగా, సత్యముగా చెప్పవలెను. పొరపాటు జరిగినచో దానిని కూడ చెప్పవలెను. దాచిన పొరపాటు రోగికి రెండవ గాయము.

చేరుటకు ముందు

విద్యార్థియు తల్లిదండ్రులును కొన్ని విషయములను స్వయముగా విచారింపవలెను. కళాశాలకు విశ్వవిద్యాలయ గుర్తింపు ఉన్నదా? అత్యవసర విభాగము గల ఆస్పత్రిలో శిక్షణ లభించునా? అంబులెన్సులో పనిచేయు అవకాశమున్నదా? అభ్యాసమునకు బొమ్మలు, ఇ.సి.జి. యంత్రము, విద్యుత్తాకిడి యంత్రము ఉన్నవా? ఇంట కూర్చుండి ఈ విద్య నేర్పుదుమను ప్రకటనలను నమ్మరాదు.

పట్టము పొందినంతనే పెద్ద జీతము వచ్చునని భ్రమపడుటయు తగదు. తక్కువ వేతనములు, రాత్రి పనులు, దీర్ఘమైన పనివేళలు ఈ వృత్తిలో సామాన్యము. ఆస్పత్రుల అత్యవసర విభాగములు, పరిశ్రమలు, బోధన మున్నగు మార్గములును కలవు. సంగతులన్నియు తెలిసి చేరినవారే నిలుతురు.

మనసు భారము

ఎంత చక్కగా చదివినను, ఎంత శ్రద్ధతో పనిచేసినను కొందరు రోగులు మరణింతురు. శిక్షణకాలమున మొదటి మరణమును చూచిన విద్యార్థి ఆ రాత్రి నిద్రపోలేడు. మరణించినవాడు పసిబిడ్డయైనచో ఆ బాధ మరింత దీర్ఘము. దుఃఖములో నున్న బంధువులు ఆలస్యముగా వచ్చితివని నిందింపవచ్చును. దీనిని బలహీనతగా భావించి లోలోపల దాచుకొనరాదు. తోటివారితోను ఆచార్యులతోను మాటలాడవలెను. “ఏమి చేసితిమి? ఇంకేమి చేయవలసియుండెను?” అని విచారించుటచే దుఃఖము పాఠముగా మారును. నిద్రయు కుదుటపడనిచో మానసిక వైద్యుని సంప్రదించుట వివేకము.

కట్లపాము కాటు తిన్న ఆ కూలీ వద్దకు మరల పోవుదము. గాలిసంచిని నొక్కుచు ఆస్పత్రికి చేర్చిన వ్యక్తి పేరు అతనికి తెలియదు. కోలుకొని ఇంటికి వచ్చిన తరువాత పాము మాటయు, సూదిమందు మాటయు చెప్పుకొనును గాని, దారిలో తనకు బదులుగా ఊపిరి తీసిన చేతులను అతడు చూచియుండడు. ఎవరును చూడని ఆ ముప్పది కిలోమీటర్ల కొరకే ఈ నాలుగేండ్ల చదువు.

అభ్యాస ప్రశ్నలు

1. కట్లపాము కాటునకు గురియైన రోగి కనురెప్పలు వాలుట దేనిని సూచించును? దారిలో చేయవలసిన ముఖ్యకార్యమేమి?

2. త్రాగి పడినాడని జనులు చెప్పిన మనిషికి మొదట ఏ పరీక్ష చేయవలెను? ఎందుకు?

3. గుండెపోటు రోగికి ఈయదగిన మాత్రను పక్షవాత రోగికి ఏల ఈయరాదు?

4. మీ ప్రాంతపు వృద్ధులు ఆయాసమును, నీరసమును, ఛాతీనొప్పిని ఏ మాటలతో చెప్పుదురో పది మాటలు సేకరించి, వాని కెదురుగా శాస్త్రపదములను వ్రాయుడు.